రంపపు పళ్ళ గీత

కార్తీకమాసంలో తవిటమ్మ నోట వెల్లుల్లి వాసన రావడమంటే మాటలు కాదు. ఆ నెల్లాళ్ళూ ఆవిడ ఉల్లిపాయని గుమ్మం తొక్కనివ్వదు. వెల్లుల్లి పేరు ఎవరైనా ఎత్తితే నోరు పుక్కిలించుకొచ్చే రకం. అలాంటిది ఆ సోమవారం పొద్దున్న, తులసమ్మ దగ్గర దీపం పెట్టి వచ్చి, "లెగవే, టీ సల్లారిపోతంది" అని మంచం మీదకి వంగేసరికి కూతురి ముక్కుకి గుప్పుమంది.

హైమవతి ఫక్కున నవ్వింది.

"ఏటమ్మా, ఈ ఏడు శివుడికి వెల్లుల్లి కారం నైవేద్యమేటి?"

"ఓలమ్మో, కళ్ళు పోతాయి!" తవిటమ్మ లెంపలు వేసుకుంది. "నిన్న సందేల నుంచి ఏటీ ముట్టనేదు నాను. సోమారం ఉపాసం."

"ఉపవాసాలు వద్దని డాక్టరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు కదా. అది సరేగాని, మరి ఆ వాసనేటి?"

"నీ ముక్కుకే ఏదో రోగం. లెగు, లెగు."

తవిటమ్మ చేతిలో దువ్వెన ఉంది. దాని నిండా తెల్లజుట్టు చుట్టుకుని ఉంది. కూతురు చూసేలోపల ఆ ఉండని కొంగులో దాచేసింది. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ ఆ చేతుల గోళ్ళు ఏనాడో నల్లబడిపోయాయి. ఆ నలుపు కింద ఏముందో ఎవరికీ కనిపించదు. హైమవతి టీ తాగింది, తల్లిని ఇంకో రెండు మాటలు ఆటపట్టించింది, బండెక్కింది. ఆ నవ్వు డయాలసిస్ కేంద్రం గేటు దాటే దాకా కూడా నిలవలేదు.

జీడివలస చుట్టుపక్కల ఇంటికో కిడ్నీ మనిషి ఉన్నాడంటే కోతలు కోస్తున్నారనుకుంటారు గాని, ఒకసారి ఆ కేంద్రం వరండాలో నిలబడి చూస్తే చాలు. నీళ్ళంటాడొకడు, ఎండంటాడొకడు, మందులంటాడు ఇంకొకడు. కారణం ఏదైతేనేం, వారానికి మూడుసార్లు మంచమెక్కి రక్తం కడిగించుకోవాలి. కడుగుడుతో ఒక చిక్కుంది. బట్టని ఉతగ్గా ఉతగ్గా మురికితోపాటు రంగు కూడా పోయినట్టు, రక్తం కడిగినప్పుడల్లా విషంతోపాటు ఒంటికి కావలసిన ఖనిజాలు కూడా చిటికెడు చిటికెడు కొట్టుకుపోతాయి. జింకు, సెలీనియం, రాగి. ఒంట్లో ఉండేదే నలుసంత. ఆ నలుసు పోతే ముందు నాలుక చచ్చిపోతుంది. ఆ తరవాత నడుము, ఆ తరవాత బతకాలన్న ఆశ. పులుసు పోసినా అన్నం మట్టిముద్దలాగే ఉంటే మనిషి ఎన్నాళ్ళని తింటాడు?

తన తల్లి కంచం పక్కకి నెట్టేసిన రోజున హైమవతి మొదలుపెట్టిన పని, ఏళ్ళు గడిచాక 'చెలమ' అయింది. ఏటి ఇసకలో చెలమ తోడితే తోడినకొద్దీ నీరూరుతుంది కదా, అందుకని ఆ పేరు. డయాలసిస్ మిషనుకి పక్కన తగిలించే పెట్టె అది. ఇంకా ప్రయోగమే కాబట్టి, కేంద్రంలో కొన్ని మంచాలకే, పేరు రాయించుకున్న కొందరికే ఉంది. కడిగిన రక్తం ఒంట్లోకి తిరిగి వెళ్ళేటప్పుడు, కంటికి కనిపించని గింజల్ని అందులో వదులుతుంది. ఆ గింజలు కాలేయంలో చేరి దాక్కుంటాయి. మళ్ళీ వంతు వచ్చే దాకా కొంచెం కొంచెంగా కరుగుతూ, పోయిన ఖనిజాలని ఒంటికి అందిస్తాయి. ఎవరికెన్ని గింజలు కావాలన్నది చెలమే నేర్చుకుంటుంది. రోగి తన కార్డు ఆనించగానే గుర్తుపడుతుంది, రక్తం రుచి చూస్తుంది, 'ఈ ఒంట్లో ఇంత ఖర్చయింది, ఇక ఇంత వెయ్యాలి' అని లెక్క కట్టుకుంటుంది.

ఎండు మెత్తళ్ళ చేపల పులుసు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తవిటమ్మ భోరుమని ఏడ్చిన రోజున హైమవతి కూడా ఏడ్చింది. ఆ సంతోషం మీద ఇంకో సంతోషం. చెలమ గీసే గీతల్లో ఒక వింత కనబడింది. కొందరి ఒంట్లో ఖనిజాలు ఒక వంతుకి పడిపోయి, మరో వంతుకి లేచి, మళ్ళీ పడిపోయి, రంపపు పళ్ళలాగా గీత కిందికీ మీదికీ ఆడుతోంది. అందరికంటే ఎక్కువగా తవిటమ్మ గీతే. కిడ్నీలు పోయిన ఒళ్ళు తనకి తానే ఒక కొత్త లయ నేర్చుకుంటోందని హైమవతి వ్యాసం రాసింది. విశాఖలో పెద్దలు భుజం తట్టారు. వచ్చే నెల దాని మీద పెద్ద సభలో మాట్లాడాలి. తన ఊరి గురించి తను కనిపెట్టింది కదా, గర్వం ఉండదా మరి. ఉంది, నిండుగా ఉంది.

ఆ గర్వంతోనే వార్డులో అడుగుపెట్టింది. లోపల సిస్టర్ రత్నం గొంతు ఖంగుమంటోంది.

"ఎవరండీ వెల్లుల్లి పచ్చడి తెచ్చుకున్నది? వారం నుంచీ చూస్తున్నాను, వార్డంతా ఒకటే కంపు!"

"మామీద ఇరుసుకుపడతావేటి సిస్టరమ్మా," అంది మూడో మంచం మీది ముసలమ్మ. "కార్తీకమాసంలో వెల్లుల్లి ఎవులు తింతారు?"

హైమవతి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇంట్లో ముక్కుకి తగిలిన వాసనే ఇక్కడా ఉంది. నవ్వుకున్న వాసనే.

డాక్టర్ కొండలరావు గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్ళింది.

"డాక్టర్‌గారూ, వెల్లుల్లి తినని మనిషి ఊపిరిలో వెల్లుల్లి వాసన ఎందుకొస్తుంది?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "సెలీనియం. ఒంటికి పట్టనంత ఎక్కువైతే ఊపిరితో బయటికొస్తుందంటారు. నేను చదవడమే గాని ఎన్నడూ చూడలేదు. ఎందుకు?"

"అమ్మ దగ్గర వస్తోంది. వార్డులోనూ వస్తోంది."

"జుట్టు ఊడుతోందా? గోళ్ళ మీద తెల్ల చారలున్నాయా?"

కొంగులో దాచిన జుట్టు ఉండ హైమవతి కళ్ళ ముందు మెదిలింది. "గోళ్ళు... జీడి మరక. ఏమీ కనిపించదు."

"అయినా మీ చెలమ అందరికీ తక్కువే ఉందని చూపిస్తోందే?"

"అది చూసేది రక్తంలో కరిగిన దాన్నే. కాలేయంలో దాక్కున్న గింజలెన్నో దానికి కనబడవు, లెక్క కట్టుకుంటుంది. ఆ మనిషి ఒంటిని నేర్చుకుని..."

"ఆ మనిషి ఒళ్ళే అని దానికెలా తెలుసు?"

"కార్డు ఆనిస్తారు కదా."

ఆ మాట తన నోట రాగానే హైమవతికి ఏదో తట్టింది. బల్ల మీదున్న తెర తన వైపు తిప్పుకుంది. తవిటమ్మ గీత తీసింది. రంపపు పళ్ళు. లేచిన పన్ను, పడిన పన్ను. నెలల తరబడి ముద్దుగా చూసుకున్న గీత. ఇప్పుడు చూస్తే అది ఒక మనిషిది కాదు. లేచినప్పుడల్లా తన తల్లి. పడినప్పుడల్లా, గింజ అన్నది ఎరగని ఇంకెవరిదో ఖాళీ ఒళ్ళు. ఆ ఖాళీ ఒంటిని చూసి చెలమ 'అయ్యో, తవిటమ్మ గింజలన్నీ అయిపోయాయి' అనుకుంది. తరవాత అసలు తవిటమ్మ వచ్చి పడుకుంటే రెట్టింపు వేసింది. మళ్ళీ ఖాళీ ఒళ్ళు, మళ్ళీ రెట్టింపు.

"వంతులు మార్చుకుంటున్నారు," అంది. "డాక్టర్‌గారూ, మా అమ్మ కాలేయంలో ఎంత విషం దాచానో నాకే తెలీదు."

ఇద్దరూ వార్డులోకి పరిగెత్తారు. మొదటి బ్యాచి మంచాల పక్కన చెలమలన్నీ పచ్చ దీపాలతో నిమ్మళంగా గింజలు వదులుతున్నాయి. హైమవతి ఒక్కొక్క గొట్టమే మూసేసింది. ఒక బిరడా కింద పడితే రత్నం తీసి ఇచ్చింది. తవిటమ్మది రెండో బ్యాచి. ఫోను చేస్తే పక్కింటావిడ ఎత్తి, ఆటో ఎక్కేసిందని చెప్పింది.

ఆపితే సరిపోదు. లోపలున్నవి కరుగుతూనే ఉంటాయి. చెలమని వెనక్కి నడిపితే గింజలు తిరిగి వచ్చేస్తాయి, అలా కట్టింది హైమవతే. కాని ఎన్ని లాగాలో చెప్పాలి. తక్కువ లాగితే విషం మిగిలి గుండె మీదకి వస్తుంది. ఎక్కువ లాగితే ఆ గుండె కొట్టుకోవడానికి కావలసిన నలుసు కూడా పోతుంది. రెండిటి మధ్యా ఉన్నది వెంట్రుకవాసి. అది తెలియాలంటే ఎవరు ఎవరికి ఎన్నిసార్లు వంతు ఇచ్చారో తెలియాలి.

"ఇలా వినండి," అంది వార్డు మధ్యలో నిలబడి. "మీలో ఎవరైనా మీ కార్డు ఇంకొకరికి ఇచ్చుంటే ఇప్పుడే చెప్పండి. ప్రాణాల మీదకొచ్చింది."

ఎవరూ కిక్కురుమనలేదు.

"ఎవరి పేరూ తీసెయ్యను. ఒట్టు."

మూడో మంచం ముసలమ్మ గోడ వైపు చూసింది. 'ఎవరి కార్డు వారిదే. మార్చుకున్నచో ప్రయోగము నుండి పేరు తొలగించబడును' అని అక్కడ బారెడు కాగితం అంటించి ఉంది. రాసింది హైమవతే. వెళ్ళి ఆ కాగితాన్ని బర్రున చింపేసింది. ఆ చప్పుడుకి అందరూ ఉలిక్కిపడ్డారు గాని నోరు మాత్రం ఒక్కరూ విప్పలేదు. ఒకాయన దుప్పటి ముఖం మీదకి లాక్కున్నాడు.

రత్నం తల వంచుకుంది. "నాకు కొంచెం తెలుసు మేడమ్. ముఖాలు వేరేగా కనిపించేవి. పోనీలే, పాపం, రెండు రోజులు రుచిగా తింటారని... ఎవరు ఎవరో మాత్రం చూడలేదు. చూడకూడదని చూడలేదు."

"మరి ఊదండి," అంది హైమవతి. మొదటి మంచం దగ్గర వంగింది. "నా ముఖం మీద గట్టిగా ఊదండి, తాతా."

"ఏటమ్మా, తాగి బండి నడిపినోడిననుకున్నావేటి?"

"ఊదు తాతా, నీకు దణ్ణం పెడతాను."

ఊదాడు. ఏమీ లేదు. రెండో మంచం, ఏమీ లేదు. మూడో మంచం ముసలమ్మ ఊదగానే హైమవతి కళ్ళు మూసుకుంది. వెల్లుల్లి. ఆరో మంచం దగ్గర మళ్ళీ. మూడో మంచం ముసలమ్మ గోళ్ళ మీద తెల్లటి అడ్డచారలు స్పష్టంగా ఉన్నాయి. వారానికి మూడుసార్లు ఆ చేతికి సూది గుచ్చుతూ కూడా ఎవరూ చూడని చారలు.

అప్పుడే తవిటమ్మ సంచీతో లోపలికి వచ్చింది. వార్డు చూసి, కూతురి ముఖం చూసి, ద్వారం దగ్గరే ఆగిపోయింది.

"అమ్మా, నీ వంతు ఎవరికిచ్చావు?"

"నా వంతు నాదే."

"అబద్ధం! నీ గీత నేను చూశాను. ఎన్నిసార్లిచ్చావు?"

"నాకేటీ తెల్దు. గీతలంట, గీతలు. అరవకు, అందరూ సూస్తన్నారు."

"అమ్మా, నువ్వు చచ్చిపోతావే!" చదువూ, హోదా అన్నీ ఎగిరిపోయి నడివార్డులో చిన్నపిల్లలా ఏడ్చింది. "నేను పెట్టిన గింజలతోనే చచ్చిపోతావు. చెప్పవే!"

తవిటమ్మ పెదవులు కదిలాయి. ఏదో చెప్పబోయి, గొంతు దాకా వచ్చిన మాటని మింగేసింది. చెయ్యి గోడ కోసం వెతికింది. గోడ అందలేదు. సంచీ జారి కింద పడింది, ఆ వెనకే ఆవిడా కూలబడింది.

మంచం మీద పడుకోబెట్టి తీగలు తగిలించారు. తెర మీద గుండె నాలుగడుగులు వేసి, ఒకటి తప్పి, మళ్ళీ పరిగెడుతోంది. డాక్టర్ కొండలరావు హైమవతి వైపు తిరిగాడు.

"హైమవతిగారూ, పట్నం తీసుకెళ్ళే వ్యవధి లేదు. చెలమ వెనక్కి నడపాలి. అంకె చెప్పండి."

అంకె ఎక్కణ్ణుంచి చెబుతుంది? తల్లి అరచెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుంది. తనని ఇంత చేసిన మనిషి, కన్నకూతురి ముందు కూడా నోరు విప్పకుండా పోతోంది. ఎందుకీ మొండితనం? ఎందుకు ఒక్కళ్ళయినా చెప్పరు?

అప్పుడు తండ్రి గుర్తొచ్చాడు.

జీడివలసలో చెరువు నీళ్ళు వంతులవారీ. ఇంట్లో చావైనా, పెళ్ళైనా, మనిషి మంచం పట్టినా, పక్క రైతు తన వంతు నీళ్ళు అతని మడిలోకి మళ్ళించేస్తాడు. దానికి అప్పు లేదు, తీర్చడం లేదు. ఒకే ఒక్క కట్టుబాటు. ఒకసారి, చిన్నప్పుడు, 'మా నాన్న మీకు వంతు ఇచ్చాడు' అని హైమ బడిలో ఒక పిల్లతో గొప్పగా అంది. ఆ సాయంత్రం తండ్రి మొదటిసారి, ఆఖరిసారి చెయ్యి చేసుకున్నాడు. ఆ తరవాత ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాడు. 'ఇచ్చినోడు నోరిప్పకూడదమ్మా. ఇప్పితే ఆ నీరు ఇసమైపోద్ది. పుచ్చుకున్నోడు, అడిగితే నోరు మూసుకోకూడదు. మూస్తే ఆడు మనిషి కాడు.'

హైమవతి చివాల్న లేచింది. ఇంతసేపూ అడగకూడని వాళ్ళని అడిగింది.

వరండాలో బెంచీల మీద, చెలమ లేని మామూలు మంచాల కోసం కాచుకున్న వాళ్ళంతా ఉన్నారు. లోపలి గోల విని లేచి నిలబడి ఉన్నారు. హైమవతి వాళ్ళ ముందుకి వెళ్ళి, కళ్ళు తుడుచుకుని, ఊరి మాటలో అడిగింది.

"వంతు పుచ్చుకున్నోళ్ళు ఎవులు?"

వెనక బెంచీ దగ్గర్నుంచి ఒక పొడుగాటి మనిషి ముందుకొచ్చాడు. గురయ్య. పెళ్ళిళ్ళకీ వనభోజనాలకీ వండే వంటాయన. తవిటమ్మని అక్క వరసన అప్పా అని పిలుస్తాడు, ఆ వరసన హైమవతిని కోడలమ్మా అంటాడు. డయాలసిస్‌లో పడ్డాక నాలుక పోయి, వంట పోయినంత పనైంది. అప్పుడు తవిటమ్మే అతనికి నాలుకైంది. వంటకి వెళ్ళినప్పుడల్లా ఆటోలో కూర్చోబెట్టుకుని పోయేవాడు. ఆవిడ గరిటెడు నోట్లో వేసుకుని 'ఉప్పు సాల్నేదు' అంటే చిటికెడు వేసేవాడు, 'సాలు' అంటే దించేసేవాడు. ఏనాడూ ఎదురు చెప్పలేదు. చెప్పడానికి నాలుకుండాలి కదా.

"నాను పుచ్చుకున్నాను, కోడలమ్మా," అన్నాడు. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. "అడగనేదు నాను. ఒకరోజు అప్పే సెప్పినాది, 'గురయ్యా, ఎన్నాళ్ళని నా నోటితో వొండుతావు, రేపు నా మంచమెక్కు' అని. ఆడ పడుకుంటే సాలు, నాలుగు రోజులు నాలిక బతికేది."

"ఎన్నిసార్లు మామా? గుర్తు తెచ్చుకో. ఒక్కటి తప్పినా మా అమ్మ దక్కదు."

"తప్పుతానేటి?" గురయ్య గోడకి చేరబడి కళ్ళు మూసుకున్నాడు. "మొదటిసారి సర్పంచి గోరి గృహప్రెవేశం. పులిహోర. సింతపండు పులుపు తగిలి ఒళ్ళు జల్లుమంది. తరవాత పోలినాయుడి మనవరాలి ఓణీల పండగ. బూరెలు. బెల్లం ముదురు పాకమైపోనాదని నాకే తెలిసింది. ఆ తరవాత ఇనాయకసవితి, ఉండ్రాళ్ళు..."

ఒక్కొక్క రుచీ చెప్పుకుంటూ పోయాడు. హైమవతి తెర మీద పడిన పళ్ళని ఒక్కొక్కటే తాకుతూ పోయింది. పులిహోర దగ్గర ఒక పన్ను, బూరెల దగ్గర ఒక పన్ను. ఒక్కటీ తప్పలేదు. ఒకచోట గీత పడింది గాని గురయ్య ఏమీ చెప్పలేదు.

"నాగులచవితి ముందు మామా?"

"అప్పుడు నానెల్లనేదు."

"అది నాను, అమ్మా." బెంచీ చివర్నుంచి బక్కపల్చటి అమ్మాయి చెయ్యెత్తింది. "బాలింతనని తవిటమ్మ మామ్మగారే పంపినారు. పథ్యం తినబుద్ధి కావట్నేదని."

దాంతో వరండా అంతా కదిలింది. మూడో మంచం ముసలమ్మ దగ్గర పుచ్చుకున్న వాళ్ళు, ఆరో మంచం ఆయన దగ్గర పుచ్చుకున్న వాళ్ళు, ఒకరి వెనక ఒకరు చేతులెత్తారు. ఒకరి మాట ఒకరు సరిదిద్దుకుంటూ చెప్పుకుపోయారు. డాక్టర్ కొండలరావు గుమ్మంలో నిలబడి వింటూ ఉండిపోయాడు.

హైమవతి అంకె కట్టింది. మళ్ళీ మొదటి నుంచీ కట్టి చూసుకుంది. తల్లి మంచం పక్క చెలమకి ఆ అంకె చెప్పి, వెనక్కి నడిపే మీట మీద వేలు పెట్టి ఆగింది. ఇది తప్పైతే చంపేది తన వేలే. తవిటమ్మ కళ్ళు సగం తెరిచి చూసింది.

"నొక్కవే," అంది గొణుగుతున్నట్టు. "ఎందుకా నాన్సుడు."

నొక్కింది.

మధ్యాహ్నం గడిచి పొద్దు వాలే దాకా గింజలు వెనక్కి వస్తూనే ఉన్నాయి. చెలమ అడుగున గాజుబుడ్డిలో ఎర్రటి మడ్డి పేరుకుంది. తెర మీద గుండె రెండుసార్లు తడబడింది. ఒకసారి కొండలరావు సూదిమందు ఇచ్చాడు. ఇంకోసారి ఏమీ చెయ్యడానికి లేక అందరూ తెర వైపే చూస్తూ నిలబడ్డారు. అది తనకి తానే సర్దుకుంది. గురయ్య వరండాలో నేల మీద కూర్చుని సింహాద్రప్పన్నకి మొక్కుల మీద మొక్కులు మొక్కుకుంటున్నాడు. తన డయాలసిస్ వంతు వచ్చినా లేవనంటే, రత్నం చెయ్యి పట్టుకుని బలవంతాన తీసుకుపోయింది. దీపాలు పెట్టే వేళకి గుండె అడుగు తప్పకుండా నడవడం మొదలుపెట్టింది. హైమవతి వంగి తల్లి ఊపిరి వాసన చూసింది. వెల్లుల్లి ఘాటు సన్నగిల్లింది. మంచం అంచుకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

తవిటమ్మ బతికింది. మూడో మంచం ముసలమ్మ, ఆరో మంచం ఆయన కూడా బయటపడ్డారు. కాని గింజలు పెరికిన కాలేయం మళ్ళీ గింజలు పట్టదు. తవిటమ్మ వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. నాలుక మళ్ళీ చచ్చిపోయింది, ఈసారి తిరిగి రాదు.

హైమవతి విశాఖ వెళ్ళి తన వ్యాసం వెనక్కి తీసుకుంది. కొత్త లయా లేదు, గియా లేదు, అది మా ఊరివాళ్ళు ఒకరికొకరు వంతులు ఇచ్చుకున్న గీత అని పెద్దల ముందు నిలబడి చెప్పింది. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన, "చెలమ మంచిదే, దానికి తాళం లేదు, అంతే," అన్నాడు. కార్డు కాదు, రక్తాన్నే గుర్తుపట్టాలి. వేరే ఒళ్ళు పడుకుంటే ఒక్క గింజ కూడా వదలకూడదు. అలా చేస్తే ప్రయోగం మళ్ళీ సాగనిస్తామన్నారు.

ఆ సంగతి ఇంటికొచ్చి తల్లికి చెప్పడం హైమవతికి కష్టమైంది. తాళం వేస్తే ప్రాణాలు దక్కుతాయి. ఇచ్చిపుచ్చుకోవడాలు మాత్రం ఆగిపోతాయి. ఆ తాళం తన చేత్తోనే వెయ్యాలి.

తవిటమ్మ అంతా విని, మొద్దుబారిన వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ కూర్చుంది.

"ఎయ్యి," అంది. "మనుసులు పోయాక ఇచ్చేదెవులు, పుచ్చుకునేదెవులు. నా మంచం ఎలగా కాళీయే కదా. అది గురయ్యకి రాసియ్యి. ఇది వంతు మార్పు కాదులే, మళ్ళీ పుచ్చుకోను."

"అమ్మా, నీకు బాధగా లేదా?"

"ఎందుకుండదే? మెత్తళ్ళ పులుసు తలుసుకుంటే ఏడుపొస్తంది." ముక్కు చీదింది. "అయినా సరే, రాసియ్యి."

మాఘం వచ్చింది. జీడితోటలు పూతకొచ్చాయి. గురయ్య గీత నెలంతా తెర మీద తిన్నగా సాగుతోంది. అలా ఉండాలనే కదా తాళం వేసింది, అయినా దాన్ని చూసినప్పుడల్లా హైమవతికి మనసు చివుక్కుమనేది. పాత రంపపు గీతని చెరిపెయ్యమన్నా చెరపలేదు.

ఆ రోజు తవిటమ్మ మామూలు మంచం మీద డయాలసిస్ ముగించుకుని వరండాలో కూర్చుని ఉంటే, గురయ్య గిన్నె పట్టుకుని వచ్చాడు. ఎవరింట్లోనో పెళ్ళికి వండి, అటు నుంచి అటే వచ్చినట్టున్నాడు. తువ్వాలంతా పొగ వాసన.

"పనసపొట్టు, అప్పా. ఆవ పెట్టినాను. నీకు ఒక్క ముద్దే, డాక్టరు గోరిని అడిగే తెచ్చినాను."

తనే ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టాడు. తవిటమ్మ నెమ్మదిగా నమిలింది. హైమవతికి చూడబుద్ధి కాలేదు. ఆ నోట్లో అది మట్టిముద్దే అని తెలుసు. తవిటమ్మ మింగి, పాతరోజుల్లోలాగే నొసలు చిట్లించింది.

"ఉప్పు సాల్నేదు."

గురయ్య ముఖం మాడిపోయింది. గబగబా గిన్నెలోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నమిలాడు. ఇంకొంచెం తీసుకున్నాడు. కళ్ళు తెరిచి ఆవిడ వైపు చూశాడు, చెప్పాలా వద్దా అన్నట్టు.

"సాలింది, అప్పా," అన్నాడు చివరికి. "సరీగ్గా సరిపోనాది. నువ్వే తప్పు సెప్పినావు."

"హమ్మయ్య, అనీసినావు!" తవిటమ్మ బోసినోరంతా తెరిచి నవ్వింది. "ఆ మాట నీ నోట ఇందామనే అన్నాను. ఏదీ, ఇంకో ముద్ద పెట్టు. డాక్టరు సూడకుండా."